గవరయ్య ఒంట్లో కోటి పొయ్యిలు

ఊళ్ళో తెలివంతా తన ఇంట్లోనే కాపురముందని గవరయ్య ధీమా. వానకి ఇంటికప్పు తడిసిపోతోందని గొడుగు దానిమీద పెట్టి, తను కింద తడిసిన మనిషి ఆయన.

ఆ ఏడు తాడులాగుడు పోటీకి పాడిగేదెని బహుమానం పెట్టారు. మజ్జిగ లేనిదే గవరయ్యకి ముద్ద దిగదు. ఇంట్లో పాడి లేక ఏడాదయింది. బలానికి మందిమ్మని నర్సమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

"మందెందుకయ్యా? బలం అన్నంలోనే ఉంది," అంది నర్సమ్మ. "నీ ఒళ్ళంతా కంటికి కనపడని కణాలు. వాటిలో చిన్నచిన్న పొయ్యిలున్నాయనుకో. కడుపులో అన్నం సన్నగా అరిగి, నెత్తుట్లో కలిసి అక్కడికి చేరుతుంది. నువ్వు పీల్చిన గాలితో, మంట లేకుండా మెల్లగా మండుతుంది. ఆ బలంతోనే నువ్వు తాడు లాగేది."

"ఎన్ని పొయ్యిలమ్మా?"

"కోటానుకోట్లు!"

అంతే, గవరయ్యకి చెమటలు పట్టాయి. ఇంటికెళ్ళే దారంతా లెక్కలే. "ఒసే సూరమ్మా! నువ్వు వండేది కుంచెడు. పొయ్యికో మెతుకన్నా రాదే!"

"అయితే మెతుకులు నూరేస్తాను," అంది భార్య.

"ఒదినా, తడిది మండుతుందా?" అన్నాడు తమ్ముడు సింగన్న.

ఇంకేముంది, అన్నం ఎండబెట్టి పిండి కొట్టారు. పొయ్యిలు ఆరిపోతాయని నీళ్ళు మానేశారు. పిండి గవరయ్య గొంతుకి అడ్డంపడింది. "గాలి చాల్లేదు!" అంటూ సూరమ్మ ఊదుగొట్టం నోట్లో పెట్టి ఊదింది. పిండంతా ఎగిరి సింగన్న మొహాన పడింది.

పోటీనాడు పొద్దున్నే మంచు. సింగన్న ఆవలిస్తే నోట్లోంచి తెల్లటి ఆవిరి వచ్చింది.

"పొగ! తమ్ముడు అంటుకున్నాడే!" అంటూ గవరయ్య బిందెడు నీళ్ళు కుమ్మరించాడు. అలా అరిచిన గవరయ్య నోట్లోంచీ పొగే! సూరమ్మ ఆయన్నీ తడిపి, తనూ తడిసింది. ముగ్గురూ గజగజా వణుకుతూ మైదానానికి చేరారు.

"అన్నయ్యా, పొయ్యిలన్నీ ఆరిపోయాయి. ఎలా లాగుతాం?" అని ఏడ్చాడు సింగన్న.

గవరయ్య తల గోక్కున్నాడు. "ఒరే, బలం అన్నానిదైతే మధ్యలో మనమెందుకురా?"

అంతే! సూరమ్మ తెచ్చిన అన్నం గంగాళానికి తాడు కట్టి, ముగ్గురూ పక్కన నిలబడ్డారు. "లాగవే అన్నమా, లాగు!"

ఈల మోగింది. గంగాళం జర్రున అవతలి జట్టు కాళ్ళ దగ్గరికి పోయింది. వాళ్ళు అన్నం శుభ్రంగా తిని, గేదెని తోలుకుపోయారు.

గవరయ్య మొహం వాడిపోయింది. అది చూసి గెలిచినవాళ్ళకి జాలేసి, మర్నాడు ఆ గేదె మజ్జిగే కుండెడు పంపారు. కుండ చూడగానే ఆయన నోరూరింది. పెదాల దాకా ఎత్తి, ఠక్కున ఆగిపోయాడు.

"అమ్మో! పొయ్యిలు ఇప్పుడిప్పుడే రాజుకుంటున్నాయి. ఇంత తడి పోస్తే ఇంకేమన్నా ఉందా? సూరమ్మా, చాప తే!"

ఇంకేముంది, సూరమ్మ మజ్జిగంతా చాపమీద పోసి ఎండబెట్టింది. గవరయ్య కర్ర పట్టుకుని పక్కనే కాపలా కూర్చున్నాడు.

"ఏ కాకైనా ఒక్క చుక్క ఎత్తుకుపోయిందో, చూడు మరి!"