ప్లాటిపస్‌కి ఫోటో తియ్యబోయిన కొంగ

పిల్లలూ, ముందే చెప్పేస్తున్నాను. నేను ప్లాటిపస్‌ని ఎప్పుడూ చూడలేదు. చూసినవాళ్ళు చూసినంత వరకే చెప్పగలరు. నాకు ఆ ఇబ్బంది లేదు. అందుకే దాని గురించి నా అంత బాగా చెప్పేవాళ్ళు మన వీధిలో లేరు. ఇది గర్వం కాదు, ఉన్నమాట.

అనగనగా సముద్రాలకి అవతల, దక్షిణాన, ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. వాగు వంపు తిరిగే చోట గట్టులో బొరియ తవ్వుకుని ఒక ప్లాటిపస్ ఉండేది. బాతుకున్నట్టు ముక్కు, ఒంటి నిండా బొచ్చు, వెడల్పాటి తోక. గుడ్లు పెడుతుంది, పిల్లలకి పాలూ ఇస్తుంది. ఇదేం జంతువని నన్ను అడక్కండి. దాన్ని చేసింది నేను కాదు.

దానికి గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. తడి ఆకులు తోక కింద ఇరికించుకుని బొరియలోకి మోసుకుపోతోంది. సరిగ్గా అప్పుడే వాంబాట్లకి దారి కావలసి వచ్చింది. వాంబాట్లంటే పొట్టి కాళ్ళతో, బొద్దుగా, చిన్న ఎలుగుబంట్లలా ఉంటాయి. వాటికి కాళ్ళు తడవడం ఇష్టం లేదు. వాగు వంపుని రాళ్ళతో, మట్టితో పూడ్చేసి అవతలికి నడిచిపోదామనుకున్నాయి.

అక్కడ ఎవరో ఉంటున్నారటగా అన్నాడు అడవికి పెద్దయిన తాబేలు తాత. వాంబాట్లు నవ్వాయి. బాతు ముక్కూ, బొచ్చూ, గుడ్లూ, పాలూ అన్నీ ఒక్కదానికే ఉంటాయా, ఎవరో కల్పించి చెప్పారు అన్నాయి. పోనీ ప్లాటిపస్సే వచ్చి కనబడదామంటే, పగటి వెలుగు దానికి పడదు. కొండ మీది సభ దాకా నడవలేదు. తాత ఆలోచించి, పున్నమిలోగా దాని ఫోటో తెచ్చి చూపిస్తే దారి ఇంకోచోట వేయిస్తానని తీర్పు చెప్పాడు.

ఫోటో అనగానే అందరూ కొంగ వైపు చూశారు. ఎవరో యాత్రికుడు పారేసుకున్న కెమెరా ఒకటి కొంగకి దొరికింది. అప్పట్నుంచీ అడవిలో పెళ్ళిళ్ళకీ బారసాలలకీ అదే ఫోటోగ్రాఫర్. దానికి స్టాండు కూడా అక్కర్లేదు, ఒంటికాలే స్టాండు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ దానికొక అలవాటుంది. ఉన్నవాళ్ళని ఉన్నట్టు తియ్యదు. గడ్డం పైకి, భుజం కిందికి, కాస్త నవ్వు అని మూడూ అన్నాకగానీ మీట నొక్కదు. కంగారూ వాళ్ళ పెళ్ళిలో కొత్త జంటని అలా నిలబెట్టి నిలబెట్టి భోజనాలన్నీ చల్లార్చేసింది.

మొదటి రోజు సాయంత్రం ప్లాటిపస్ బుగ్గల నిండా పురుగులు పెట్టుకుని నములుతూ నీటి మీదికి తేలింది. గడ్డం కాస్త పైకెత్తమంది కొంగ. దానికి గడ్డం ఎక్కడుంది? బుడుంగున మునిగింది. నీళ్ళలోకి వెళ్ళిందంటే ప్లాటిపస్ కళ్ళూ, చెవులూ, ముక్కూ మూసేసుకుంటుంది. పైన కొంగ మాత్రం భుజాల గురించి చెబుతూనే ఉంది. ప్లాటిపస్ ఇంకోచోట తేలింది. అక్కడ వెలుతురు లేదు, ఇటు రమ్మంది కొంగ. మళ్ళీ మునిగింది. నాకైతే ఆ కొంగ మెడ పట్టుకుని వాగులో ముంచాలనిపించింది.

రెండో రోజు కొంగ పెళ్ళిళ్ళలో కట్టే తెర తెచ్చింది. దాని మీద జలపాతం, గులాబీలు. నిజం వాగు మీద బొమ్మ జలపాతం కట్టింది. వెలుతురు చూసుకోవడానికి ఆ తెరనే ఒక ఫోటో తీసుకుంది. ఇంతలో ప్లాటిపస్ ఆకులతో తేలింది.

"ఆ చెత్త పక్కన పెట్టమ్మా" అంది కొంగ.

"చెత్త కాదు మావయ్యా, నా పక్క. దీని మీదే గుడ్లు పెట్టాలి."

"పక్కలు ఫోటోలో పడితే ఏం బాగుంటుంది?"

ప్లాటిపస్ ఆకులతో సహా మునిగిపోయింది.

మూడో రోజే ఆఖరిది, మర్నాడే పున్నమి. ప్రొద్దు వాలుతుండగా ప్లాటిపస్ తనంతట తానే గట్టు దాకా వచ్చి, కొంగ కాళ్ళ ముందు ఆగింది. ముక్కు కనిపిస్తోంది, బొచ్చు కనిపిస్తోంది, తోక కనిపిస్తోంది. నోట్లోంచి ఒక రొయ్య కాలు వేలాడుతోంది. కొంగ కెమెరా సరిచేసుకుంది. ముక్కు మీట మీద పెట్టింది. ఒక్క నొక్కు నొక్కితే చాలు.

"మూతి తుడుచుకోమ్మా, తాత చూస్తాడు" అంది.

ప్లాటిపస్ తలెత్తింది. "మావయ్యా, నా మూతి ఇంతే. నేను ఎప్పుడూ తింటూనే ఉంటాను, తడిగానే ఉంటాను. మీరు నన్ను తీస్తారా, మీ మనసులో ఉన్న ఇంకెవరినైనా తీస్తారా?"

"నిన్నేనమ్మా. కొంచెం నవ్వు."

ప్లాటిపస్ మునిగింది. చీకటి పడింది.

మర్నాడు సభలో కొంగ దగ్గరున్నది తెర ఫోటో ఒక్కటే. తాబేలు తాత దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు.

"గులాబీలు బాగా పడ్డాయి. ప్లాటిపస్ ఏది?"

"అది కుదురుగా ఉండదు తాతా" అంది కొంగ. తప్పు ఇంకా ప్లాటిపస్‌దే.

తాత నిట్టూర్చి వాంబాట్లకి తలూపాడు. సాయంత్రానికల్లా బొరియ మీద రాళ్ళు పడ్డాయి. పరిచిన పక్కంతా మట్టిపాలయింది. ప్లాటిపస్ పొట్ట బరువుతో ఏటికి ఎదురీది, చాలా పైకి వెళ్ళి, గోళ్ళు అరిగేలా మళ్ళీ తవ్వడం మొదలుపెట్టింది.

కొన్నాళ్ళకి కొంగ బుద్ధి తెచ్చుకుని క్షమించమని అడగడానికి అక్కడికి బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ, ప్లాటిపస్ బొచ్చు చెదిరి ఉంటుందేమోనని, ఒక దువ్వెన పట్టుకెళ్ళింది.

నీతి: ఎదుటివాళ్ళని ఉన్నట్టు చూడనివాడికి వాళ్ళు ఎదురుగా నిలబడ్డా కనిపించరు. ఈ మాట చెప్పడం నాకు వచ్చింది, చెయ్యడం మాత్రం ఇంకా రాలేదు.