వంకలేని ఓడ

ఒంగోలులో కోటిలింగం అనే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన కంటికి ఎందులోనైనా ముందు వంకే కనిపించేది.

అది పూర్తిగా ఆయన తప్పని కూడా అనలేం. పొగాకు వేలం కేంద్రంలో ఆయన ముప్ఫై నాలుగేళ్ళు గ్రేడరుగా పనిచేశాడు. రైతు తెచ్చిన బేలు మధ్యలోంచి నాలుగు ఆకులు లాగాలి, వెలుతురుకు పెట్టి చూడాలి, వాసన చూడాలి, వేళ్ళతో నలిపి చూడాలి. మచ్చ ఉందా, పచ్చదనం మిగిలిందా, తేమ ఎక్కువైందా అని వెతకాలి. వంక దొరికితే గ్రేడు తగ్గించాలి. అన్నేళ్ళు ఆ పని చేసిన మనిషి రిటైరైతే మాత్రం ఊరుకుంటాడా? పెళ్ళిభోజనంలో పప్పుచారుకీ, పక్కింటివాళ్ళ గేటు రంగుకీ, భార్య కట్టుకున్న కొత్త చీర అంచుకీ గ్రేడు వేస్తూనే ఉండేవాడు.

ఆయన భార్య శేషారత్నం సముద్రం పక్కన ఉప్పు మడుల్లో పుట్టి పెరిగింది. చిన్నప్పుడు తండ్రితో కలిసి మడిలో ఉప్పు లాగుతూ, దూరంగా ఉత్తరానికి పోయే ఓడల్ని చూస్తూ ఉండేది. ఓడలో వాళ్ళకి మన ఉప్పు కుప్పలు కనపడతాయా నాన్నా అని అడిగేది. "ఎక్కి చూసినోడికి తెలవాలమ్మా" అనేవాడు తండ్రి. ఆ ప్రశ్న ఆమె మనసులో యాభై ఏళ్ళుగా అలాగే ఉండిపోయింది. ఒక్కసారి ఓడ ఎక్కి, తన మడులు అక్కడినుంచి ఎలా కనిపిస్తాయో చూడాలని ఆమె కోరిక. భర్తతో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చెబితే దానికీ గ్రేడు వేస్తాడని భయం.

ఆ ఏడాది జనవరిలో శేషారత్నం పాదాలు వాచాయి. పరీక్షలన్నీ చేసి, కిడ్నీల డాక్టరు కోటిలింగాన్ని కూర్చోబెట్టి చెప్పాడు. రెండు మూడు నెలల్లో డయాలసిస్ మొదలుపెట్టక తప్పదు. మొదలుపెట్టాక వారానికి మూడు రోజులు ఆ మంచం మీద పడుకోవలసిందే. దూర ప్రయాణాలు ఇక కష్టం. ఎక్కడికైనా వెళ్ళాలని ఉంటే ఇప్పుడే వెళ్ళి రమ్మన్నాడు.

ఆస్పత్రి మెట్లు దిగుతుంటే కోటిలింగం భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడూ లేనిది, ఎక్కడికి వెళదామని భార్యని అడిగాడు. ఆమె తడుముకోలేదు.

"ఓడ ఎక్కాలని ఉందండీ" అంది.

అలాగే అన్నాడు కోటిలింగం. ఎందుకని మాత్రం అడగలేదు. ఆ ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ ఆస్పత్రి మెట్ల మీదే ముగిసిపోయేది.

మర్నాడే ఆయన కర్నూలు రోడ్డులో నజీమా అనే అమ్మాయి నడిపే ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్ళాడు. ఆమె రెండు ఓడల బొమ్మలు ఆయన ముందు పరిచింది. ఒకటి సముద్రిక, రెండోది నీలాంబరి. రెండూ వేరు వేరు కంపెనీలవి, రెండింటికీ మంచి పేరే ఉంది. రెండూ శుక్రవారం తెల్లవారగానే చెన్నై రేవులో బయల్దేరతాయి. సముద్రిక ఒడ్డు వెంబడి ఉత్తరంగా విశాఖపట్నం వెళుతుంది. నీలాంబరి నేరుగా నడిసముద్రంలోకి వెళ్ళి, అక్కడ తిరిగి, మూడో రోజు పొద్దున మళ్ళీ చెన్నైకే వస్తుంది.

"ఆంటీకి ఏది ఇష్టమో కనుక్కుని చెప్పండి అంకుల్. దాన్నిబట్టి చూద్దాం" అంది నజీమా.

"ఆమెకేం తెలుసమ్మా? ఓడంటే ఓడే ఆమెకి. ఏది మేలో నేను తేలుస్తాగా" అన్నాడు కోటిలింగం.

దారిలో ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాడు. పేజీ మధ్యలో గీత కొట్టి, ఎడమ పక్క సముద్రిక అనీ కుడి పక్క నీలాంబరి అనీ రాశాడు. ఆ ఓడలెక్కి వచ్చినవాళ్ళు ఫోనులో రాసిన అభిప్రాయాలు చదవడం మొదలుపెట్టాడు. పొగిడినవి వదిలేసేవాడు. వేలం కేంద్రంలో ఆకు బాగుందని చెప్పినందుకు ఆయనకి ఎవరూ జీతం ఇవ్వలేదు మరి. సముద్రికలో లిఫ్టు కోసం పది నిమిషాలు నిలబడ్డామని ఒకరు రాశారు. ఇడ్లీ చల్లారిపోయిందని ఇంకొకరు. పైడెక్కు మీద గాలి మరీ ఎక్కువని మూడో మనిషి. నీలాంబరిలో తువ్వాళ్ళు గరుకని ఒకావిడ, కాఫీ చేదని ఒకాయన. అన్నీ ఎక్కించుకున్నాడు.

చూసేవాళ్ళకి ఇది చాదస్తంలా ఉండేది. నిజానికి ఆయనకి లోపల భయంగా ఉండేది. ముప్ఫై ఎనిమిదేళ్ళు పక్కన ఉన్న మనిషికి ఏమవుతుందో తెలియదు. దాన్ని ఆపడం తన చేతుల్లో లేదు. వంకలేని ఓడని వెతకడం ఒక్కటే ఆయన చేతుల్లో ఉన్న పని. అది సరిగ్గా చేస్తే ఆమెకి ఏమీ కాదన్నట్టు ఆ నోటుబుక్కును పట్టుకుని కూర్చున్నాడు.

ప్రతి శుక్రవారం చెన్నైలో రెండు ఓడలూ వెళ్ళిపోతూనే ఉన్నాయి. జనవరి అయిపోయింది, ఫిబ్రవరి అయిపోయింది. శేషారత్నం వాపు పాదాలు దాటి పిక్కల దాకా వచ్చింది. రక్తపరీక్ష కాగితం వచ్చిన ప్రతిసారీ ఆమె భర్త మొహం చూసేది. ఆయన మొహం తిప్పుకుని నోటుబుక్కు తెరిచేవాడు. రెండుసార్లు ఆమె ధైర్యం చేసి, ఆ ఓడ మా మడుల ముందునుంచే పోతుంది కదండీ అని చెప్పబోయింది. రెండుసార్లూ సగం మాటలోనే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఆగు రత్నం. ఇంకా తేలలా" అన్నాడు.

ఆమె ఇక భర్తకి చెప్పడం మానేసి తమ్ముడు సింగయ్యకి ఫోను చేసింది. సింగయ్య ఇప్పటికీ ఆ ఉప్పు మడుల్లోనే పనిచేస్తున్నాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగూ అయిదూ మధ్య తెల్లటి పెద్ద ఓడ ఒకటి తమ మడుల ముందునుంచి పోతుందని, పనివాళ్ళంతా లేచి నిలబడి చూస్తారని అతను చెప్పాడు. అక్క ఎక్కేది అదేనని అతని నమ్మకం, ఆమె నమ్మకం కూడా. పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచి ఆమె చూసిన ఓడలన్నీ అటే పోయాయి. ఓడకి ఇంకో దారి ఉంటుందని ఆమెకి తోచనే లేదు. అందరికంటే ఎత్తైన ఉప్పు కుప్ప మీద ఎక్కి, వాళ్ళ అమ్మ ఎర్రచీర వెదురుగడకి కట్టి ఊపుతానన్నాడు సింగయ్య. ఫోను పెట్టేశాక శేషారత్నం చాలాసేపు నవ్వుకుంటూ కూర్చుంది.

మార్చి రెండో వారంలో డాక్టరు ఇక ఆగడానికి వీల్లేదన్నాడు. పథ్యం గురించీ మందుల గురించీ గట్టిగా చెప్పి, వచ్చే మంగళవారం డయాలసిస్ అన్నాడు. అదే రోజు నజీమా ఫోను చేసి, ఈ శుక్రవారంతో ఓడలు ఆగిపోతాయనీ, మళ్ళీ వానలు వెళ్ళాకేననీ, రెండింటిలోనూ ఒక్కో గదే మిగిలిందనీ చెప్పింది. కోటిలింగం వంకలు లెక్కపెట్టాడు. సముద్రికకి ఇరవై తొమ్మిది, నీలాంబరికి ఎనిమిది. నీలాంబరి ఖాయం చేశాడు.

"శుక్రవారం పొద్దున మద్రాసులో ఓడ ఎక్కుతున్నాం. వంక పెట్టడానికి లేని ఓడ" అన్నాడు భార్యతో. ఏ ఓడో, ఎటు పోతుందో చెప్పలేదు. ఆమె అడగలేదు. అన్ని ఓడలూ అటేగా పోయేది. సింగయ్యకి మాత్రం వెంటనే కబురు చేసింది.

శుక్రవారం ఓడ కదిలింది. కోటిలింగం గదిలో పరుపు నొక్కి చూశాడు, తువ్వాలు బుగ్గకి ఆనించి చూశాడు, కాఫీ వాసన చూశాడు. నోటుబుక్కులో రాసిన ఎనిమిది వంకలూ ఎవరో సరిదిద్దినట్టున్నారు. తన జీవితంలో ఇంత మంచి సరుకు ఎంచలేదనుకున్నాడు. రెండు నెలల తర్వాత మొదటిసారి ఆయన మనసు కాస్త కుదుటపడింది.

మధ్యాహ్నం రెండింటికే శేషారత్నం మంచి చీర కట్టుకుని డెక్కు మీద ఎడమవైపు కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఉత్తరానికి పోయేటప్పుడు ఒడ్డు ఎడమవైపే ఉంటుందని ఆమె లెక్క. ఎండగా ఉంది లోపలికి రమ్మని భర్త అంటే, మీరు పడుకోండి అంది. మూడయింది. నీళ్ళు తప్ప ఏమీ లేవు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. మూడున్నరకి లేచి కమ్మీ పట్టుకుని నిలబడింది. వాచిన కాళ్ళు లాగుతున్నా కూర్చోలేదు. కూర్చున్న ఆ ఒక్క నిమిషంలో మడులు దాటిపోతే? కోటిలింగం వచ్చి చూసేసరికి ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆమెకి ఒంట్లో ఏమన్నా అయిందేమోననుకున్నాడు.

ఇంతలో ఓడలో పనిచేసే ఒక అమ్మాయి అటు వచ్చింది. తెలుగు పిల్ల, శ్రీకాకుళం వైపు మనిషి. ఒడ్డు ఎప్పుడు కనపడుతుందమ్మా అని శేషారత్నం ఆమెని అడిగింది.

"ఒడ్డేటమ్మా? ఈ ఓడ నడిసముద్రంలోకెళ్ళి మళ్ళీ చెన్నైకే వచ్చేస్తాది. ఒడ్డంట ఎళ్ళేది ఆ సముద్రిక ఓడ కదా" అంది ఆ అమ్మాయి.

శేషారత్నం చేతికున్న గడియారం చూసుకుంది. నాలుగూ ఇరవై. మెల్లిగా కుర్చీలో కూర్చుంది.

"ఎవరికోసం చూస్తున్నావు రత్నం?" అని అడిగాడు కోటిలింగం. రెండు నెలల్లో ఆయన ఆమెని అడిగిన రెండో ప్రశ్న అది.

అప్పుడు ఆమె చెప్పింది. ఉప్పు కుప్పల సంగతి, తండ్రి మాట, తమ్ముడు, ఎర్రచీర, అన్నీ చెప్పింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. వింటున్నంతసేపూ కోటిలింగం చేతులు తన చొక్కా జేబుని తడుముతూనే ఉన్నాయి, అక్కడేదో ఉపాయం ఉన్నట్టు. ఫోను తీసి చూశాడు. సిగ్నలు ఒక్క గీత కూడా లేదు. సింగయ్యకి దిగమని చెప్పే దారి లేదు. పరుగులాంటి నడకతో కింది అంతస్తులో కౌంటరు దగ్గరికి వెళ్ళి, ఓడని కాస్త పడమటికి తిప్పడానికి వీలవుతుందా బాబూ అని అడిగాడు. అక్కడున్నవాళ్ళు నవ్వలేదు. ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు. అలా వీలుకాదని నెమ్మదిగా చెప్పారు.

ఆయన తిరిగి పైకి వచ్చేసరికి అయిదు దాటింది. భార్య పక్కన నిలబడి తనూ పడమటి వైపు చూశాడు. ఎంత చూసినా నీళ్ళే. ఆ సమయానికి అక్కడెక్కడో బావమరిది గడ పట్టుకుని ఊపుతూ ఉంటాడనే ఆలోచన ఆయన్ని నిలవనివ్వలేదు.

మిగిలిన రోజున్నరా ఆ ఓడలో అన్నీ బాగున్నాయి. ఇడ్లీలు వేడిగా వచ్చాయి, పరుపు మెత్తగా ఉంది. అన్నీ బాగున్నాయండీ, శ్రమపడి మంచిది చూశారు అంది శేషారత్నం. ఆమె ఒక్క మాట తిట్టి ఉంటే ఆయనకి ప్రాణం తేలికపడేది.

ఆదివారం పొద్దున చెన్నై రేవు దగ్గరవుతుండగా ఆమె ఫోను మోగింది. సింగయ్య. గొంతు అంత దూరం నుంచి కూడా కోటిలింగానికి వినిపించింది.

"అక్కా, ఓడ పోయిందాకా ఊపతానే ఉన్నాం. పిల్లలు, ఆడోళ్ళు, మడులోళ్ళందరూ వచ్చారు. కనపడ్డామా?"

శుక్రవారం సాయంత్రం సముద్రిక ఆ దారిన వెళ్ళింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళున్న ఓడకి వాళ్ళందరూ చీర ఊపారు.

శేషారత్నం భర్త వైపు ఒకసారి చూసింది.

"కనపడ్డారు తమ్ముడూ" అంది. "ఉప్పు కుప్పలు తెల్లగా, అమ్మ చీర ఎర్రగా, శుభ్రంగా కనపడింది. నాన్న ఉంటే చెప్పేదాన్ని."

ఫోను పెట్టేసి ఆమె సామాను సర్దడానికి లోపలికి వెళ్ళింది. కోటిలింగం మాత్రం కమ్మీ పట్టుకుని అక్కడే నిలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మంగళవారం డయాలసిస్ మొదలైంది. నాలుగు గంటలు ఆమె మంచం పక్కన కూర్చోవాలి. మొదటి రోజు కోటిలింగం ఆ పొడుగు నోటుబుక్కు తెచ్చుకున్నాడు. నీలాంబరి పక్కన రాసిన ఎనిమిది వంకల కింద తొమ్మిదోది రాశాడు: ఉప్పు కుప్పలు కనపడవు. ఆ తర్వాత పుస్తకం మూసి పక్కన పెట్టి, ఇంకేం చెయ్యాలో తోచక, భార్య వైపు వంగి, "నీకేం కావాలి రత్నం? ఎందుకో కూడా చెప్పు" అని అడిగాడు.

ఆమె ఆశ్చర్యంగా చూసి, కిటికీ తెర కాస్త పక్కకి లాగమంది. ఎండ చూడాలని ఉందంది. ఆయన లేచి తెర లాగాడు.

రెండింటిలో ఏది మేలో తేల్చేముందు, అది ఎవరికోసమో వాళ్ళని ఏం కావాలో, ఎందుకు కావాలో అడగాలి. అడక్కుండా ఎంత వంకలేనిది ఎంచి తెచ్చినా, అది వాళ్ళకి చేరవలసిన చోటికి చేర్చదు.