మీసాలాయన కొట్టింది ఏ చేత్తో?

గుమ్మడికొండ కింద, పల్లెకీ అడవికీ సరిగ్గా మధ్యన ఒక బండ ఉంది. ఇల్లంత బండ. ఏ కాలంలో ఏ నీళ్లు తొలిచాయో గానీ ఒళ్లంతా చిల్లులే. ఒక చిల్లులో మూతి పెట్టి మాట్లాడితే మిగతా చిల్లులన్నిట్లోనూ వినబడుతుంది. మాట్లాడేదెవరో మాత్రం ఎవరికీ కనబడదు. పైగా లోపల గొంతు మారిపోతుంది. ఎలుక కిచ్‌మన్నా ఏనుగు ఘీంకరించినట్టే ఉంటుంది. ఇంతకన్నా ఏం కావాలి? పొద్దున లేస్తే పల్లె జీవాలు ఇటు నుంచీ, కొండ జంతువులు అటు నుంచీ మూతులు లోపలా తోకలు బయటా పెట్టుకుని లోకంలోని సంగతులన్నీ తేల్చిపారేసేవి. తేలిన సంగతి ఒక్కటీ లేదు, అది వేరే మాట.

అక్కడ సొంత పేరు ఎవరికీ ఉండదు. కుందేలు పేరు ‘సింహగర్జన’. అది శాస్త్రం తప్ప మాట్లాడదు. ‘నిప్పుకణిక’ అనేది కోడిపుంజు. దానికి రాజకీయం కావాలి. గాడిద ‘తెరవేలుపు’ అని పేరు పెట్టుకుని సినిమాల సంగతి చూసుకునేది. ‘మధ్యవర్తి’ అని ఇంకో గొంతు ఉంది. నెమ్మదిగా, తీయగా, “నేను ఎవరి పక్షమూ కాదు, కానీ...” అని మొదలుపెడుతుంది. ఆ గొంతు నక్క నాంచారయ్యదని అక్కడ ఒక్కరికీ తెలియదు. మీకైనా నేను చెప్పాను కాబట్టి తెలిసింది.

చామంతి అనే గేదె కూడా అప్పుడప్పుడూ బండ దగ్గరికి వెళ్లేది. వినేది, తల ఊపేది, ఏమీ అర్థంకాక వెనక్కి వచ్చేది. దానికి ఒక్కగానొక్క దూడ, పేరు చిట్టి. చామంతికి లోకమంటే చిట్టి, ఆ తర్వాత బోరింగు దగ్గరి నీళ్లతొట్టి, ఆ తొట్టి దగ్గర మధ్యాహ్నం పూట కలిసే ముసలి కొండముచ్చు మసిమూతి. పల్లెకీ కొండకీ ఒక పాత ఒప్పందం ఉంది. ఎండాకాలం కొండ జంతువులు తొట్టిలో నీళ్లు తాగొచ్చు. బదులుగా చిరుత దిగితే కొండముచ్చులు చెట్ల మీంచి కూత వెయ్యాలి. నిరుడు వాగు ఒడ్డున చిరుత చిట్టికి పది అడుగుల దాకా వచ్చింది. మసిమూతి కూత వెయ్యబట్టి బతికింది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా చామంతికి కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

అలా ఉండగా అమ్మవారి జాతర వచ్చింది. కొండ వాలుకి ఎదురుగా ఖాళీ స్థలంలో రెండు వెదుళ్లు పాతి తెల్లగుడ్డ కట్టి, పొద్దుగూకగానే బొమ్మ వేశారు. వేసేవాడి దగ్గర ఉన్నది ఒకటే బొమ్మ కాబట్టి అయిదు రోజులూ అదే. జనం వెనకాల కట్టేసిన గొడ్లన్నీ చూశాయి. గుడ్డకి అవతల కొండ వాలు మీద కూర్చుని అడవి మొత్తం చూసింది. చివర్లో మీసాలాయన దుర్మార్గుణ్ణి ఒక్క దెబ్బ కొడితే వాడు గాల్లో మూడు పల్టీలు కొట్టి గడ్డివామిలో పడ్డాడు. పల్లె, కొండ కలిసి ఈల వేశాయి.

తెల్లారి బండలో తెరవేలుపు గొంతు మోగింది. “ఏం కొట్టాడండీ మావాడు! ఆ కుడిచెయ్యి లేచినప్పుడు నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి.”

“కుడిచెయ్యేంటి? ఎడంచెయ్యి!” అంది కొండవైపు నుంచి ఒక గొంతు.

“కళ్లున్నాయా నీకు?”

“నీకే లేవు. మేం నలభైమందిమి చూశాం. ఎడంచెయ్యే.”

“మేం అరవైమందిమి!”

సింహగర్జన దిగింది. “ఆగండి, ఆగండి. ఇది శాస్త్రంతో తేలే సంగతి. నాకు పన్నెండుమంది పిల్లలు. దుంప ఇస్తే పదకొండుమంది ఎడమ కాలితోనే అందుకుంటారు. కాబట్టి బలవంతులందరూ ఎడమవాటమే. మీసాలాయన బలవంతుడు. కాబట్టి ఎడంచెయ్యి.” తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటారు గానీ, ఆ కుందేలే వాదనకి దిగితే ఎన్ని కాళ్లుంటాయో ఎవరు చెప్పగలరు!

“ఇదంతా కొండవాళ్ల కుట్ర,” అంది నిప్పుకణిక. “ఇవాళ మన హీరో చెయ్యి మార్చారు. రేపు మన తొట్టి మారుస్తారు!”

అప్పుడు మధ్యవర్తి నెమ్మదిగా అంది. “నేను ఎవరి పక్షమూ కాదు. కానీ పల్లెవాళ్లను గుడ్డివాళ్లన్న నోటితో మళ్లీ పల్లె నీళ్లు తాగడం ఏం మర్యాద అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు.” అనేసి, పల్లె జీవాలు మేతకి వెళ్లేదాకా ఆగి, బండ చుట్టూ తిరిగి కొండవైపు చిల్లులో మూతి పెట్టి మళ్లీ అంది. “నేను ఎవరి పక్షమూ కాదు. కానీ మనల్ని అబద్ధాలకోరులన్నవాళ్ల దూడల కోసం మనవాళ్లు గొంతు చించుకోవడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.”

మూడో రోజుకి తొట్టి దగ్గర రెండు పొట్టేళ్లు కాపలా నిలబడ్డాయి. ఎడంచెయ్యి అన్నవాడికి నీళ్లు లేవు. నాలుగో రోజు పొద్దున కొండముచ్చుల పెద్దలు కూడబలుక్కున్నారు. కుడిచెయ్యి అన్నవాడికి కూత లేదు.

ఆ మాట చామంతి చెవిన పడింది. పరుగున బండ దగ్గరికి వెళ్లి దొరికిన చిల్లులో మూతి పెట్టింది. “అయ్యా, నా దూడ వాగు ఒడ్డున మేస్తది. చిరుత వస్తే ఎవరన్నా కూత వేస్తారా?”

“ముందు ఏ చెయ్యో చెప్పు,” అంది ఒక గొంతు.

“చెయ్యేంటయ్యా?”

“కుడా, ఎడమా?”

చామంతికి కుడి అంటే పాలు పితికే మనిషి కూర్చునే పక్క. అంతకుమించి తెలియదు. చూసింది చూసినట్టు చెప్పింది. “కుడే అనుకుంటా.”

“అయితే కూత లేదు పో!”

“పోనీ ఎడమ అనుకోండి...”

“ద్రోహీ!” అంది పల్లె మొత్తం.

“రెండూ అనుకోండయ్యా, నా దూడ...”

ఆ మాటకి రెండు వైపులా కలిసి తిట్టాయి. నాలుగు రోజుల్లో ఇటువాళ్లూ అటువాళ్లూ ఒక మాట మీద నిలబడింది అప్పుడొక్కసారే. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మధ్యలో మన చామంతి. మూతి బయటికి తీసి ఇంటిదారి పట్టింది. తను చూసింది నిజం. మసిమూతి అన్న ఎన్నడూ అబద్ధం ఆడడు. ఆయనా చూశాడు. మరి ఈ ఎడంచెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎంత ఆలోచించినా తల బరువెక్కింది తప్ప ఇంకేం జరగలేదు.

ఆ సాయంత్రం బొమ్మ మొదలయ్యే వేళకి చిట్టి కనబడలేదు. చామంతి పలుపు తెంపుకుని జాతరంతా వెతికింది. మిఠాయి కొట్ల వెనక లేదు. రంగులరాట్నం కింద లేదు. ఆఖరికి గుడ్డకి వెనకాల, బొమ్మవాళ్లు పారేసిన పోస్టర్ల కుప్ప మీద దొరికింది. పోస్టర్లకి అంటిన మైదాపిండి నాకుతూ హాయిగా ఉంది.

“నీ దుంపతెగ! నా ప్రాణాలు పోయాయి కదే!” అని దూడని నాకుతూ చామంతి తల ఎత్తింది. ఎదురుగా తెర. మీసాలాయన చెయ్యి లేచింది. ఎడంచెయ్యి.

చామంతి నోట్లో నెమరు నోట్లోనే ఆగిపోయింది.

పక్కనే చింతకొమ్మ మీంచి ఎవరో దగ్గారు. చూస్తే మసిమూతి. నాలుగు రోజుల తర్వాత కనబడ్డాడు. ముఖం అటు తిప్పుకుని, “ఇప్పుడు చూశావుగా చెల్లెమ్మా?” అన్నాడు.

“చూశానన్నా. ఎడంచెయ్యే.”

“మరి అబద్ధాలకోరులు అన్నారేం మమ్మల్ని?”

“నేనెప్పుడన్నాను? నేను దూడ గురించి అడిగా, అంతే.” చామంతి కొమ్మ కిందికి వచ్చింది. “కానీ అన్నా, అక్కణ్ణుంచి చూస్తే కుడిచెయ్యే. నా చిట్టి మీద ఒట్టు. ఒక్కసారి నా వీపెక్కు.”

మసిమూతి తటపటాయించి ఎక్కాడు. చామంతి గుడ్డ చుట్టూ తిరిగి జనం వెనక్కి వచ్చింది. దెబ్బల సీను ఇంకా నడుస్తూనే ఉంది, ఆ రోజుల్లో దెబ్బల సీన్లు అంత పొడుగు. మీసాలాయన కుడిచేత్తో కొడుతున్నాడు. మసిమూతి కళ్లు నులుముకున్నాడు. మళ్లీ వెనక్కి వెళ్లారు. ఎడంచెయ్యి. ముందుకి. కుడిచెయ్యి.

“మనం నడిచే లోపల వాడు చెయ్యి మారుస్తున్నాడేమో అన్నా?” అంది చామంతి.

“మనం వస్తున్నట్టు వాడికెలా తెలుస్తుంది?”

“అదీ నిజమే.”

మూడో చుట్టులో మసిమూతి గభాల్న చామంతి చెవి పట్టుకుని ఆపాడు. వెదురు బొంగు పక్కన, గుడ్డ అంచు దగ్గర నక్క నాంచారయ్య కూర్చుని ఉంది. అక్కణ్ణుంచి తల ఇటు తిప్పితే ముందు వైపు, అటు తిప్పితే వెనక వైపు. ఇటు చూసి నవ్వుతోంది, అటు చూసి నవ్వుతోంది. తనలో తను గొణుక్కుంటోంది. “నేను ఎవరి పక్షమూ కాదు, కానీ రేపు మధ్యాహ్నం కూత వేసేవాడు లేడు. చిరుతదొరకి దూడ, నాకు మిగిలిన కండ.”

మసిమూతి మూతి ఇంకా నల్లబడింది. “అర్థమైందా చెల్లెమ్మా?”

“కొంచెం,” అంది చామంతి. “మరి ఇంతకీ వాడిది ఏ చెయ్యన్నా?”

“ఒకటే గుడ్డ తల్లీ. నువ్వు ఇటు నుంచి చూశావు, నేను అటు నుంచి చూశాను.”

“అయితే బండలో చెబుదాం పద!”

“పొద్దున రెండూ అన్నావుగా. ఏమైంది?”

మసిమూతి చామంతి నుదురు నిమిరాడు. “పెద్దల మాట పెద్దలది. రేపు నా చెల్లెలి దూడకి నేను కూత వేస్తాను. వెలివేస్తే వేసుకోనీ.”

చామంతికి ఏడుపు ఆగలేదు. దున్నపోతు మీద వాన కురిసినట్టు అని మనుషులు ఎగతాళి చేస్తారు గానీ, గేదెలకి తగిలేవి తగులుతాయి.

మర్నాడు మధ్యాహ్నం ఎండ మాడుతోంది. చిట్టి వాగు ఒడ్డున మేస్తోంది. పల్లె మొత్తం బండకి ఇటు, కొండ మొత్తం అటు మూతులు దూర్చుకుని ఉన్నాయి. ఆ రోజు మీసాలాయన మీసం అసలుదా, అతికించిందా అని నడుస్తోంది. చిరుత పొదల్లోంచి పొట్ట నేలకి ఆనించి వచ్చింది. దాని వెనక నాలుగు గజాల్లో నక్క.

“ఖొక్! ఖొక్! ఖొక్!”

మద్దిచెట్టు చివర నుంచి మసిమూతి కూత కొండంతా మోగింది. దానికోసమే చెవులు రిక్కించి కూర్చున్న చామంతి నాలుగు గేదెల్ని వెంటేసుకుని కొమ్ములు వంచి దూకింది. చిట్టి వాటి మధ్యలోకి దూరిపోయింది. అయిదు జతల కొమ్ముల ముందు చిరుత ఆగింది, గుర్రుమంది, వెనక్కి తిరిగింది. మూడు రోజులుగా దానికి తిండి లేదు. వెనక్కి తిరిగితే ఎదురుగా నక్క.

“ఒరే నాంచారయ్యా, కూత వేసేవాడు లేడన్నావు కదరా!”

“దొరా, లేడనే... నేను ఎవరి పక్షమూ...” అంటూనే నక్క పరుగు లంకించుకుంది.

పరుగెత్తి పరుగెత్తి బండ దగ్గరికొచ్చి కనబడ్డ చిల్లులో తల దూర్చింది. ఒళ్లు పట్టలేదు. “బాబోయ్! చిరుత! నా వెంట పడింది! అందరూ కలిసి అరవండి, బెదిరిపోతుంది!”

బండలోంచి ఒక్కటీ మూతి బయటికి తీసి చూడలేదు.

“ఆధారం?” అంది సింహగర్జన.

“ఆధారమేంటి నీ తలకాయ! వచ్చేస్తోంది!”

“చిరుతా, పెద్దపులా? ముందది స్పష్టం చెయ్యండి. రెండింటి మచ్చలూ వేరు.”

“ఎన్నికల ముందే చిరుతలు ఎందుకొస్తాయో కొంచెం ఆలోచించండి మిత్రులారా,” అంది నిప్పుకణిక.

“ఈ సీను నేను ఎక్కడో చూశాను,” అంది తెరవేలుపు.

“నేను నక్కనయ్యా! నాంచారయ్యని!”

“నక్కా? గొంతు ఏనుగులా ఉందే!”

“ఇంతకీ నువ్వు కుడా, ఎడమా?”

“కుడి! ఎడమ! మీ ఇష్టం! అమ్మా...”

వాగు ఒడ్డు నుంచి చామంతికి అంతా కనబడుతోంది. చిల్లులోంచి బయటికి ఉన్న తోక, ఆ తోక వెనక చిరుత. “అన్నా, కూత వెయ్యి!” అంది కంగారుగా. మసిమూతి వేశాడు కూడా. బండలో తలకాయలున్నవాళ్లకి బయటి కూత వినబడదు. కొండముచ్చు కూత పూర్తయ్యేసరికి చిల్లు ఖాళీ అయింది. చిరుత పొదల్లోకి వెళ్లిపోయింది, వట్టి నోటితో కాదు.

బండలో కాసేపు ఎదురుచూశారు. తర్వాత సింహగర్జన గొంతు సవరించుకుంది. “చూశారా? ఆధారం అడగ్గానే జవాబు లేదు. ఓడిపోయి పారిపోయాడు!”

ఈలలు మోగాయి. తాము గెలిచామని కొండా అనుకుంది, పల్లే అనుకుంది.

చామంతి దూడని మసిమూతి దగ్గర వదిలి బండ వైపు రెండడుగులు వేసింది, చెబుదామని. ఆగింది. ఏం చెప్పాలో, ఏ చిల్లులో చెప్పాలో, చెబితే తనని ఎటువైపు లెక్క వేస్తారో దానికి ఎంతకీ తెలియలేదు. వెనక్కి వచ్చి తొట్టికి అడ్డంగా నిలబడ్డ పొట్టేలుని కొమ్ముతో పక్కకి నెట్టి, “అన్నా, వచ్చి నీళ్లు తాగు,” అంది.

తగవు పెంచి బతికేవాడు ఆపదలో అరిచినా, జనానికి అది ఇంకో తగవులాగే వినిపిస్తుంది.