చెంగమ్మ అంబలి కేక

మన తాతల తాతలు ఇంకా పుట్టని రోజుల్లో ఒక కొండ ఉండేది. ఆ కొండ కడుపునిండా కాకిబంగారం. అదే, తళతళలాడే అభ్రకం. దాన్ని తవ్వేవాళ్ల గుడిసెలతో కొండ కింద ఒక ఊరు వెలిసింది. పేరు తళుకుపాడు.

ఆ ఊళ్లో చెంగమ్మ అని ఒకావిడ. గనిలో దిగినవాళ్లకి అంబలి కాచి పోయడం ఆమె పని. పొద్దెక్కగానే కుండ నెత్తిన పెట్టుకొచ్చి, గని నోటి దగ్గర నిలబడి మూడు కేకలు వేసేది.

"అంబలొచ్చిందయ్యో!"

మొదటి కేక పైనున్నవాళ్లకి, రెండోది నడిమివాళ్లకి, మూడోది అట్టడుగువాళ్లకి. అబ్బో, ఏం గొంతనుకున్నారు. కొండ అవతల మేకలు కూడా మేత మాని తలెత్తేవి.

ఊరు నవ్వి, బూర చెంగమ్మ అని పేరు పెట్టింది. అందరికన్నా సిగ్గుపడేవాడు ఆమె మొగుడు పెంచలయ్య. అట్టడుగున తవ్వేవాళ్లలో అతనొకడు, మూడో కేక అతనికే మరి. "రవంత మెల్లిగా పిలవ్వే, పరువు పోతా ఉంది" అని బతిమాలేవాడు. చెంగమ్మ మూతి తిప్పుకునేది. మర్నాడు ఇంకాస్త గట్టిగా అరిచేది.

ఒక వానాకాలం వాగు పొంగి గనిలోకి మళ్లింది. దీపాలన్నీ ఆరిపోయాయి. లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. బయటికి దారెటో ఎవరికీ తెలియదు. గట్టు మీదివాళ్లు గుండెలు బాదుకుంటుంటే చెంగమ్మ గని నోట్లోకి వంగింది. తనకొచ్చిన కేకే వేసింది.

"అంబలొచ్చిందయ్యో!"

ఆ కేక వచ్చిన వైపే తడుముకుంటూ పైవాళ్లు వచ్చారు. మళ్లీ కేక. నడిమివాళ్లు వచ్చారు. మళ్లీ కేక. అట్టడుగువాళ్లూ వచ్చారు. పెంచలయ్య రాలేదు.

చెంగమ్మ అరిచింది. గొంతు జీరపోయినా అరిచింది. నోట్లో నెత్తురు రుచి తగిలినా అరిచింది. చివరికి గాలే తప్ప మాట రాలేదు. అప్పుడు బురదలో పాక్కుంటూ పెంచలయ్య బయటపడ్డాడు. కళ్లు మూసుకుని ఒకటే మాట అంటున్నాడు.

"ఆపబాకే చెంగమ్మా, వస్తా ఉండా."

చెంగమ్మ గొంతు మరి తిరిగి రాలేదు. గనిలో నీళ్లు తోడి పని మొదలుపెట్టిన నాటి నుంచి అంబలి కుండ ఆమె నెత్తిన, కేక పెంచలయ్య నోట. మూడు కేకలు, సిగ్గూ ఎగ్గూ లేకుండా. ఆమె పోయాక కూడా తను బతికినన్నాళ్లూ వేశాడు.

తర్వాత కాకిబంగారం అయిపోయింది. ఊరు ఖాళీ అయి మొండిగోడలు మిగిలాయి. అయితేనేం, ఆ దారిన పోయేది కారైనా, లారీ అయినా, పెళ్లి బస్సయినా అక్కడ ఆగాల్సిందే. పిల్లలు ముందు దూకుతారు. కాళ్ల కింద నేలంతా మెరుస్తుంటే పరుగున గని దాకా పోయి మూడు కేకలు వేస్తారు. లోపల్నించి కేక తిరిగొస్తుంది. చెంగమ్మ పలికిందని గంతులేసి, అక్కడే అన్నం మూటలు విప్పుతారు.

ఎవరైనా పెద్దమనిషి సిగ్గుపడి నోరు మెదపకపోతే, ఆయన పేరు ఏదైనా కానీ, పెళ్లాం మోచేత్తో ఒక్కటి పొడుస్తుంది.

"పిలువయ్యా పెంచలయ్యా."