కాళ్ళు చెరిపేసుకున్న నెమలి

అనగనగా ఒక అడవి, అడవిలో ఒక మడుగు, మడుగు చుట్టూ రంగురంగుల పిట్టలు. రాజుల కాలంలో కెమెరా ఎక్కడిదని అడక్కండి. ఉంది. అసలే ఆ పిట్టల్ని తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది, మధ్యలో మీరు కూడా మొదలెట్టకండి.

ఆ దేశపు రాజు విజయకేతుడికి మడుగు పూడ్చి విహారభవనం కట్టుకోవాలని బుద్ధి పుట్టింది. ఫొటోలు తీసే నాంచారమ్మ పరుగున వెళ్ళి, "అక్కడ పక్షులు కాపురముంటున్నాయి ప్రభూ!" అని మొరపెట్టుకుంది.

"ఉంటే బొమ్మలు తీసి చూపించు. మూడు రోజులు గడువు. లేదా, మట్టి బళ్ళు తోలిస్తాను" అన్నాడు రాజు.

పాపం నాంచారమ్మ! మోకాలి లోతు బురదలో నిలబడి, కాళ్ళకు పట్టిన జలగల్ని పీక్కుంటూ, రెండు రోజులు ఫొటోలు తీసింది. ఎంత చక్కగా వచ్చాయనుకున్నారు! ఆ ముచ్చటతో వాటిని పిట్టలకు చూపించింది. చూపించకుండా ఉండాల్సింది.

ముందు నెమలి వచ్చింది. "నాంచారక్కా, ఇవేం కాళ్ళు? ఎండుపుల్లల్లా ఉన్నాయి. తీసెయ్!"

"అవి నీ కాళ్ళే నాయనా!"

"అయితే మాత్రం? నలుగురికీ చూపించాలా?"

నాంచారమ్మ ఉసూరుమంటూ కుంచె తీసి కాళ్ళు చెరిపేసింది.

తర్వాత పాలపిట్ట. "దసరానాడు నన్ను చూడ్డానికి జనం ఊరి పొలిమేర దాటి వస్తారు, తెలుసా? ఇందులో మట్టిరంగు ముద్దలా ఉన్నాను. నా నీలం ఏదీ?"

"రెక్కలు ముడుచుకు కూర్చుంటే నీలం ఎలా కనబడుతుంది తల్లీ? ఒక్కసారి విప్పు, మళ్ళీ తీస్తాను."

"ఇప్పుడు విప్పే ఓపిక లేదు. నువ్వే పూసెయ్."

ఓపిక లేదట! విన్నారా? నాంచారమ్మ ముక్కు నుంచి తోక దాకా నీలం పూసింది.

మూడోది రామచిలుక. "నేను బాగానే ఉన్నాను, నా వెనక ఆ బురదేమిటి? మర్యాదగలవాళ్ళం మేము. స్టూడియోల్లో పరదా ఉంటుంది చూడు, పూలకుండీలు, పాలరాతి మెట్లు. అది పెట్టు."

"రేపటితో గడువు సరి! మడుగు పోతే ఎక్కడికి పోతారే మీరంతా?" అని నెత్తి కొట్టుకుంది నాంచారమ్మ.

"ముందు బొమ్మ సంగతి చూడక్కా" అన్నాయి మూడూ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పరదా కూడా దిద్దింది.

చివరికి లకుముకిపిట్ట ఫొటో మిగిలింది. నెత్తిన ఈకలు తడిసి నిక్కబొడుచుకున్నాయి. ముక్కున అడ్డంగా చేప. వెనక బురద గట్టు, గట్టు మీద సరిహద్దు రాయి, పక్కనే బొరియలోంచి ఆకలితో తెరిచిన నాలుగు బుల్లి నోళ్ళు. మిగతా మూడూ పగలబడి నవ్వాయి.

లకుముకి ఒక్కసారి చూసింది. "నేనిలాగే ఉంటాను కదక్కా. పిల్లలు ఏడుస్తున్నారు, వస్తా" అని నీళ్ళలోకి దూకింది.

మూడోనాడు రాజు బొమ్మలు చూశాడు. చూస్తున్నకొద్దీ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమమ్మా, ఈ నెమలి గాలి మీద నిలబడిందా? ఇదేమిటి, నీలిమందు తొట్లో పడ్డ కాకా? ఈ చిలుక ఎవరింటి పంజరంలోది? నా చెవిలో పువ్వులు పెడుతున్నావా? ఎవరక్కడ, బళ్ళు కట్టండి!"

అయినా నాంచారమ్మ అబద్ధమాడలేదు. "తప్పు నాదే ప్రభూ. వాటి పోరు పడలేక దిద్దాను. దిద్దనిది ఒక్కటే ఉంది" అని లకుముకి ఫొటో ముందు పెట్టింది.

రాజు చాలాసేపు చూశాడు. "ఈ బొరియ మన మడుగు గట్టుదేనా?"

"అదే ప్రభూ. పక్కన మీ సరిహద్దు రాయి, దాని మీద మీ రాజముద్ర చూడండి."

రాజు ఆ నాలుగు నోళ్ళ మీద వేలు పెట్టాడు. "పసిపిల్లలున్న ఇంటి మీద మట్టి పోయించే రాజును కాను" అన్నాడు. బళ్ళు వెనక్కి తిరిగాయి.

లకుముకి పుణ్యమా అని ఆ మూడూ కూడా అక్కడే హాయిగా బతికాయి, సిగ్గైనా లేకుండా.

పిల్లలూ, గొప్పగా కనబడాలని ఉన్నదాన్ని చెరిపేసుకుంటే, మనం ఉన్నామంటే నమ్మేవాళ్ళే ఉండరు.