మద్దితొర్ర కావలి

అనగనగా ఒక కొండ, కొండమీద ఒక మద్దిచెట్టు, ఆ చెట్టుతొర్రలో తేనెటీగల కాపురం. తొర్ర గుమ్మం దగ్గర కావలి సింగారి అనే ఈగది. లోపల మైనపు గదుల్లో పసిపిల్లలున్నారు. వాళ్ళంటే సింగారికి ప్రాణం.

ఆ ఏడు ఎక్కడినుంచో పరదేశపు కందిరీగలు దిగాయర్రా! నల్లటి ఒళ్ళు, పసుపు కాళ్ళు. ముందు ఒక వేగు వస్తుంది. తొర్ర చూసుకుని పోయి, దండును వెంటబెట్టుకొస్తుంది. ఇక ఆ కాపురంలో పసిగుడ్డు కూడా మిగలదు. పక్క కొండమీది తేనెపట్టు అలాగే ఖాళీ అయిపోయింది.

అందుకని రాణి ఈగ ఆజ్ఞ ఇచ్చింది: "కొత్త పురుగు కనబడితే రెక్కలు కొట్టి చెప్పండి." కావలి ఈగ రెక్కలు కొడితే ఎక్కడి పని అక్కడ వదిలేసి అందరూ గుమ్మానికి రావాలి. అది ఆ తొర్ర కట్టుబాటు.

మొదటిరోజు గుమ్మం ముందు ఏదో నల్లగా ఝుమ్మంది. సింగారి రెక్కలు కొట్టింది. అందరూ పరుగున వచ్చారు. తీరా చూస్తే గండుతుమ్మెద!

"ఓసి పిచ్చిదానా, తుమ్మెదను చూసి జడుసుకున్నావా!" అని పకపకా నవ్వారు.

రెండోరోజు పసుపు చారలు కనబడ్డాయి. మళ్ళీ కొట్టింది. అది ఆ కొండమీదే పుట్టి పెరిగిన పాత కందిరీగ.

"నీ మూలాన పుప్పొడంతా నేలపాలైంది కదే!" అని అందరికంటే పెద్దదైన నూకాలవ్వ కసిరింది. సింగారికి తల కొట్టేసినట్టయింది.

మూడోరోజు పొద్దెక్కాక కొమ్మ చాటున పసుపు కాళ్ళు కదిలాయి. సింగారి తొంగి చూసింది. తుమ్మెద కాదు, పాత కందిరీగా కాదు. అయినా ఇదీ పొరపాటైతే? రెక్కలు ముడుచుకుని కూర్చుంది పాపం. ఇంతలో లోపల పసిపిల్లలు ఆకలికి కదిలారు.

"నవ్వితే నవ్వనీ!" అనుకుని బలంకొద్దీ రెక్కలు కొట్టింది.

గొణుక్కుంటూనే వచ్చారు. కానీ వచ్చారు! అది నిజంగా వేగే. అది గుమ్మంలో కాలు పెట్టగానే వందలమంది దాన్ని ముద్దలా చుట్టేసి, తమ ఒళ్ళు వేడెక్కేదాకా కావాలనే వణికారు. ఈగలు ఓర్చుకున్న ఆ వేడిని ఓర్చుకోలేక వేగు చచ్చింది. దండుకు దారి చెప్పేవాళ్ళే లేకపోయారు.

నూకాలవ్వ సింగారి తల నిమిరింది. "నిన్న నోరు జారాను, ఏమనుకోకు తల్లీ."

"ఆ రెండుసార్లు పొరబడింది కాబట్టే మూడోసారి పోల్చుకుంది," అంది రాణి.

మర్నాడు సింగారి పక్కన కొత్తగా కావలికొచ్చిన చిన్న ఈగ ఒక సీతాకోకచిలుకను చూసి రెక్కలు కొట్టింది. అందరూ వచ్చారు. ఒక్కరూ నవ్వలేదు.

చూశారా పిల్లలూ, అనుమానం చెబితే పోయేది కాస్త పరువే, దాచుకుంటే మాత్రం కాపురమే పోతుంది.