ఆకు తెర వెనక తొండ శాస్త్రి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో తన పని తాను చూసుకునే జంతువు ఒక్కటీ లేదు. అందుకే అక్కడ జరిగిందంతా మనదాకా వచ్చింది.

ఆ అడవిలో వాగుకు కాస్త ఎగువన ఒక నల్లరాయి ఉంది. రాయి మీద సోమలింగం అనే తొండ ఉండేవాడు. జాతకాలు చెప్పేవాడు. ఆ విద్య ఎవరి దగ్గర నేర్చుకున్నాడని అడక్కండి. తొండ పుట్టుకతోనే తల ఊపుతుంది. ఏదడిగినా ఊపుతుంది. అలా ఊపేవాడి దగ్గరికి అడిగేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

అయితే సోమలింగానికి నిజంగానే ఒక నేర్పు ఉంది. వచ్చినవాళ్ళను తేరిపార చూసేవాడు. కళ్ళు ఎటు తిరుగుతున్నాయి, చెవులు నిలబడ్డాయా వాలాయా, కాళ్ళకు ఏం అంటుకుంది, అన్నీ చూసేవాడు. ఆ తర్వాతే గ్రహాల పేర్లు ఎత్తేవాడు.

ఒకరోజు ఒక కుందేలు వచ్చింది.

"సోమలింగం బాబాయ్, అత్తారింటికి వెళ్ళాలా, వద్దా?" అని అడిగింది.

దాని చంకలో దుంపల మూట ఉంది. ఒళ్ళంతా శుభ్రంగా నాక్కుని వచ్చింది. చెవులు మాత్రం వణుకుతున్నాయి.

"వెళ్ళమ్మా. గురువు నిన్ను చల్లగా చూస్తున్నాడు," అన్నాడు సోమలింగం.

మూట కట్టుకుని బయలుదేరినదాన్ని వెళ్ళమనడానికి గురుగ్రహం దాకా పోవాలా అంటే, పోవాలి. ఆ మాటతో కుందేలు వణుకు తగ్గింది. అత్తగారు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

ఇలా రోజులు బాగానే గడుస్తున్నాయి. బాగా గడుస్తుంటే ఊరుకోవడం ఆ అడవిలో ఎవరికీ చేతకాదు. ఒకనాడు పెద్దల సభలో తగువు మొదలైంది.

"సోమలింగం చెప్పేది శాస్త్రం," అన్నాడు అడవి పెద్ద, గంగరాజు అనే ఎలుగుబంటి. "అందులో గ్రహాలున్నాయి. లెక్కలున్నాయి. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. కాబట్టి శాస్త్రమే."

"కాదు మావా, అది కళ," అంది అప్పలమ్మ అనే కోతి. "నేను కొమ్మ మీంచి కొమ్మకు దూకేటప్పుడు లెక్కలు వేస్తానా? ఇదీ అంతే."

"మొన్న కింద పడ్డావుగా?"

"కళలో పడటం కూడా ఉంటుంది."

తగువు తేలలేదు. చివరికి మూడు పరీక్షలు పెడదామన్నారు. సోమలింగాన్ని పిలిచారు. పిలవకముందే వచ్చి పొద వెనక వింటున్నాడు కాబట్టి ఆలస్యం కాలేదు.

"సాయంత్రానికి వాన పడుతుందా?" ఇది మొదటి పరీక్ష.

సోమలింగం కాళ్ళ దగ్గర చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కుతున్నాయి. "పడుతుంది. చంద్రుడు జలరాశిలో ఉన్నాడు," అన్నాడు. వాన పడింది.

"గంగరాజుగారి తేనెపట్టు ఎవరు తిన్నారు?" ఇది రెండో పరీక్ష.

సభలో అందరి మూతులూ చూశాడు. గంగరాజు అల్లుడి మూతి గుమ్మడికాయంత ఉంది. "ఉత్తరం నుంచి సంబంధం కలుపుకుని వచ్చినవాడు," అన్నాడు. అల్లుడు ఆ పూటే ఉత్తరానికి ప్రయాణమయ్యాడు.

"ఇప్పుడు నా మనసులో ఏముంది?" అని నక్క అడిగింది. ఇది మూడో పరీక్ష.

"తిండి," అన్నాడు సోమలింగం.

"అబ్బో! ఎలా చెప్పావయ్యా!" అని నక్క ముక్కున వేలేసుకుంది. నక్క మనసులో తిండి లేని రోజు ఎప్పుడుందని ఎవరూ అడగలేదు.

"శాస్త్రమే!" అని గంగరాజు తేల్చేశాడు. సోమలింగానికి అక్కడికక్కడే శాస్త్రి అని బిరుదు ఇచ్చారు. రోజూ దొన్నెడు చెదపురుగులు పంపాలని తీర్మానించారు. శాస్త్రిగారూ అని నలుగురు పిలిచేసరికి సోమలింగానికి తోక నిటారుగా లేచింది. చీమలూ, మూతీ అన్నీ మరిచిపోయాడు. తనకు నిజంగానే గ్రహాల లెక్క వచ్చేమో అనుకున్నాడు. నలుగురు అన్నాక తనొక్కడు కాదనడం మర్యాద కూడా కాదు.

అంతటితో ఆగితే బాగుండేది. గంగరాజుకు ఇంకో ఆలోచన వచ్చింది.

"శాస్త్రం అంటే లెక్క. లెక్కకు మొహాలు చూడాల్సిన పనేముంది? మొహం చూస్తే మొహమాటం పుడుతుంది. తెర కట్టండి," అన్నాడు.

"కట్టండి, కట్టండి. ఏ సంగతో తేలిపోతుంది," అంది అప్పలమ్మ. ఆ ఇద్దరూ ఒక్కమాట మీద ఉండటం అదే మొదలు. వాళ్ళు ఏకమైనప్పుడే మిగిలినవాళ్ళు భయపడాల్సింది.

మోదుగాకులు కుట్టి రాయి ముందు తెర కట్టారు. వచ్చినవాళ్ళు పేరు చెప్పాలి. పుట్టిన తిథి చెప్పాలి. అడగాల్సిన ముక్క అడగాలి. అంతకుమించి మాట్లాడితే శాస్త్రం చెడిపోతుంది. అది చెడకుండా గంగరాజే తెర పక్కన కాపలా కూర్చున్నాడు.

తెర వెనక సోమలింగానికి ఆకులు తప్ప ఏమీ కనబడలేదు. తోచింది చెప్పసాగాడు. తన పెళ్ళెప్పుడని ఒక మగజింక సరదాకి అడిగితే, "వచ్చే మాఘంలో," అన్నాడు. ఆ జింకకు అప్పటికే నలుగురు పిల్లలు. జింక ఆ మాట ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. తర్వాత ఏమైందో పిల్లల ముందు చెప్పేది కాదు.

ఇలా ఉండగా ఒక మంగళవారం, అమావాస్య పూట, నూకాలు అనే ముంగిస తెర దగ్గరికి వచ్చింది. ముంగిసలు తొండల్ని తింటాయి. కానీ శాస్త్రిగారిని తినకూడదని సభలో అనుకున్నారు. నూకాలు నియమం తప్పే మనిషి కాదు.

"నా పేరు నూకాలండీ. శ్రావణ పంచమినాడు పుట్టాను. పిల్లలతో మకాం మార్చాలి. ఇప్పుడు మార్చవచ్చా?" అని ఆయాసపడుతూ అడిగింది.

సోమలింగం గొంతు సవరించుకున్నాడు. "అమావాస్య, పైగా మంగళవారం. ఇప్పుడు వర్జ్యం నడుస్తోంది. కదిలితే పిల్లలకు కీడు. రేపు పొద్దెక్కాక మార్చు."

"అది కాదండీ శాస్త్రిగారూ, అక్కడ..."

"ష్!" అన్నాడు గంగరాజు. "వివరాలు చెప్పకూడదు. ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు?"

"తప్పయింది పెద్దయ్యా," అని నూకాలు వెళ్ళిపోయింది.

సోమలింగం దొన్నెలోంచి ఒక చెదపురుగు తీసుకున్నాడు. నోట్లో పెట్టుకోబోతూ కిందికి చూశాడు. తెరకూ నేలకూ మధ్య వేలెడు సందు ఉంది. ఆ సందులోంచి రాతి మీద నూకాలు నిలబడ్డ చోటు కనిపించింది.

తడి అడుగులున్నాయి. ముంగిస ఊరికే నీళ్ళలో దిగదు. పైగా ఆ తడి ఎర్రగా ఉంది. ఎర్రనీళ్ళంటే ఎగువ కొండల్లో కురిసిన కొత్తనీళ్ళు. వాగు పొంగుతోంది. నూకాలు బొరియ వాగు గట్టులోనే ఉంది.

పెద్ద అడుగుల పక్కన చిన్న అడుగులు కూడా ఉన్నాయి. బొటనవేలంత చిన్నవి.

సోమలింగానికి అప్పుడు అర్థమైంది. నూకాలు ఒక పిల్లను నోట కరుచుకుని అప్పటికే బయటపడింది. శాస్త్రిగారిని అడగకుండా మకాం మార్చకూడదు కదా అని దారిలో ఆగింది. పిల్లను కింద పెట్టి అడిగింది. వర్జ్యం అని తను చెప్పగానే ఆ పిల్లను మళ్ళీ బొరియలో పెట్టడానికి తీసుకెళ్ళింది.

సోమలింగం కదల్లేదు. లేచి వెళితే శాస్త్రి అనే బిరుదు పోతుంది. దొన్నె పోతుంది. అసలు ఆ పిల్లలు పెద్దయితే ఏం తింటారు? తొండల్నే తింటారు. ఊరుకుంటే ఎవరూ తప్పు పట్టరు. తొండలైతే పండగ చేసుకుంటారు కూడా.

మళ్ళీ ఆ చిన్న అడుగుల్ని చూశాడు. ఎండకు ఆరిపోతున్నాయి.

చెదపురుగును అక్కడే వదిలేశాడు. ఒక్క దూకుతో తెర చించుకుని బయటపడ్డాడు.

"శాస్త్రిగారూ! వర్జ్యంలో పీట దిగకూడదు!" అని గంగరాజు కేకపెట్టాడు.

సోమలింగం వినలేదు. వాగువైపు పరిగెత్తాడు. ముంగిస వెనక పరిగెత్తే తొండను ఆ అడవిలో అదే మొదటిసారి చూడటం. నక్క అయితే దారి తప్పుకుని నిలబడింది.

వాగు ఎర్రగా పొంగి గట్టు కొరుకుతోంది. బొరియ నోటికి నీళ్ళు తగులుతున్నాయి. నూకాలు పిల్లను లోపల పెట్టి అప్పుడే తల బయటికి తీసింది.

"నూకాలూ! ఎత్తుకో పిల్లల్ని! గట్టెక్కు!"

"రేపు పొద్దెక్కాక అన్నారుగా?"

"అప్పుడు చూడకుండా చెప్పాను. ఇప్పుడు చూసి చెబుతున్నాను."

"వర్జ్యం అన్నారు. పిల్లలకు కీడు అన్నారు."

"అన్నాను. నాకేమీ తెలియదమ్మా! గురువు ఎక్కడుంటాడో, శని ఎక్కడుంటాడో నాకు తెలియదు. నీళ్ళు మాత్రం నీ కాళ్ళ దగ్గరున్నాయి. చూసుకో!"

నూకాలు సోమలింగాన్ని చూసింది. నీళ్ళను చూసింది.  లోపలికి దూరి ఒక పిల్లను కరుచుకుని గట్టెక్కించింది. తిరిగొచ్చి రెండో పిల్లను తీసుకుపోయింది. ఇంకొకటి ఉంది. అందరికంటే చిన్నది. అది బొరియ చివర ముడుచుకుని కూర్చుంది. నూకాలు తిరిగి రావడానికి ఇంకా సమయం పడుతుంది. నీళ్ళకు అంత ఓపిక లేదు.

"రా బుజ్జీ, బయటికి రా," అన్నాడు సోమలింగం. పిల్ల రాలేదు. కోప్పడ్డాడు. ఇంకా వెనక్కి జరిగింది.

సోమలింగం దాని కళ్ళలోకి చూశాడు. ఆ కళ్ళు తన తోక మీద ఉన్నాయి. సరే అనుకున్నాడు. వెనక్కి తిరిగి, తోకను బొరియలో పెట్టి అటూ ఇటూ ఊపాడు.

పిల్ల చెవులు నిలబడ్డాయి. నడుము వంచింది. ఎగిరి తోక మీద పడింది. సోమలింగం ముందుకు దూకాడు. పిల్ల వెంటపడింది. తొండ ముందు, పిల్ల వెనక, ఇద్దరూ గట్టెక్కేశారు. వెనకాల గట్టు బొరియతో సహా వాగులో కూలిపోయింది.

గట్టు మీద పిల్ల తోక అందుకుంది. పుట్టాక దాని మొదటి వేట అదే. సోమలింగం తోకలో వేలెడు ముక్క దాని నోట్లో ఉండిపోయింది. నూకాలు పరిగెత్తుకొచ్చి పిల్లను దగ్గరికి తీసుకుంది.

"ఉమ్మెయ్, ఉమ్మెయ్. శాస్త్రిగారిది అది," అంది.

"ఫరవాలేదమ్మా, తిననీ," అన్నాడు సోమలింగం, రొప్పుతూ.

సాయంత్రం మళ్ళీ సభ కూడింది.

"శాస్త్రాన్ని చెడగొట్టావు," అన్నాడు గంగరాజు.

"అది శాస్త్రమైతే చెడేది కాదు పెద్దయ్యా. వాన సంగతి చీమలు చెప్పాయి. తేనెపట్టు సంగతి మీ అల్లుడి మూతి చెప్పింది," అన్నాడు సోమలింగం.

"చూశారా! కళే! నేను ముందే చెప్పాను," అని అప్పలమ్మ కొమ్మ మీద గంతులేసింది.

"కళే అప్పలమ్మా. ఎదుటివాళ్ళను చూసి, వాళ్ళకు కావలసిన ధైర్యం చెప్పే కళ. దాంతో కుందేలును అత్తారింటికి పంపొచ్చు. పిల్లతల్లిని వాగులో కూర్చోబెట్టకూడదు. నేను కూర్చోబెట్టాను."

గంగరాజు ఆ పూటే తీర్పు చెప్పాడు. 

బిరుదు తీసేశారు. దొన్నె ఆపేశారు. తెర మాత్రం తీయలేదు, అంత కష్టపడి కట్టింది కదా అని. చిరిగిన చోట కుట్టి, దాని వెనక ఒక తాబేలును కూర్చోబెట్టారు. ఆయన తల బయటపెట్టడు కాబట్టి సోమలింగం కంటే పెద్ద శాస్త్రి అని గంగరాజు చెప్పాడు. ఆ జింక మళ్ళీ వెళ్ళాడు. ఈసారి పెళ్ళి ఫాల్గుణంలో అట.

సోమలింగం వేరే రాయి చూసుకున్నాడు. అక్కడికి వచ్చేవాళ్ళు తక్కువే. ఒకరోజు నూకాలు పిల్లల్ని వెంటేసుకుని అటుగా వచ్చింది. పిల్లలు కాస్త ఎదిగారు. ముగ్గురి చూపూ సోమలింగం మీదే ఉంది.

"అన్నా, పిల్లలకు వేట నేర్పాలి. ఎటు తీసుకెళ్ళమంటావు?" అని అడిగింది.

సోమలింగం పిల్లల్ని ఒక్కొక్కరినే తేరిపార చూశాడు. ఆకాశం వైపు చూడనే లేదు.

"తూర్పుకు తీసుకెళ్ళమ్మా," అన్నాడు.

"ఏం? తూర్పున గురుబలం ఉందా?"

"లేదు. పడమర మా చుట్టాలుంటారు."

నూకాలు పిల్లల్ని తూర్పుకే తీసుకెళ్ళింది.

నీతి: జాతకం మనసుకు ధైర్యం చెప్పినంతవరకు మంచి కళే. నీళ్ళు గుమ్మం దాకా వచ్చాక కూడా అది శాస్త్రమని నమ్మి కూర్చుంటే, మునిగేది గ్రహాలు కాదు, మనం.